మూడు చుక్కలు, ఒక గీత

చొక్కా కాలరు తిరగేసి, లోపలి కుట్టు పక్కన సిరా కలంతో రెండు గీతలు గీసి, ఆరేదాకా నోటితో ఊది, కుడిపక్క బుట్టలో పడేసింది ఆమె. తరువాతిది లంగా. నాడా దూర్చే పట్టీ వెనక సున్నా, సున్నాలో చుక్క. ఆ తరువాత ఒక చిన్నపిల్లాడి నిక్కరు. జేబులో చెయ్యి పెట్టి చూస్తే కరిగి అంటుకుపోయిన చాక్లెట్టు కాగితమూ, ఒక బొత్తామూ దొరికాయి. బొత్తాన్ని బల్ల అంచున విడిగా పెట్టింది. వాళ్ళమ్మ అడుగుతుంది. అడగకపోయినా ఇవ్వాలి.

ఆ లాండ్రీలో అందరూ ఆమెను గుర్తులమ్మ అంటారు. వచ్చిన ప్రతి బట్టకూ అది ఏ ఇంటిదో తెలిసేలా గుర్తు పెట్టడం ఆమె పని. పద్దెనిమిదేళ్ళుగా అదే కిటికీ, అదే బల్ల. చదువు ఐదో తరగతితో ఆగింది. అక్షరాలైతే ఉతుకులో అలుక్కుపోతున్నాయని చుక్కలూ గీతలూ సున్నాలూ తనే కనిపెట్టుకుంది. మెత్తటి బట్టలకు చెరగని సిరా. రగ్గులూ దుప్పట్లూ సిరా పట్టవు కాబట్టి వాటి మూలన ఎర్రదారంతో నాలుగు కుట్లు. మందుల షాపు అన్నదమ్ములు వేరుపడ్డ ఏడాది, వాళ్ళింటి ఇంటూ గుర్తును కూడా ఆమె పంచవలసి వచ్చింది. ఒక ఏటవాలు గీత పెద్దాయనకు, రెండోది చిన్నాయనకు. "ఆ ఇంట్లో గొడవ లేకుండా జరిగిన పంపకం అదొక్కటే" అని ఇస్త్రీ మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు.

ఆ గుర్తులు ఏ పుస్తకంలోనూ లేవు. ఆమె తలలో ఉన్నాయి. పేటలో ఏ గుడ్డ ఎక్కడ కనబడినా, మూల తిరగేసి చూస్తే చాలు, ఇల్లు చెప్పేస్తుంది.

అలాంటి మనిషి, పన్నెండు రోజుల కిందట, ఒక దుప్పటి కొంటూ మూల తిరగేయలేదు.

పిల్లకు మళ్ళీ ఆయాసం పట్టుకున్న వారం అది. తొమ్మిదేళ్ళ పిల్ల. చలి మొదలైతే చాలు, ఛాతీలో పిల్లికూతలు. పిల్ల దగ్గితే ఆమెకు భయం, దగ్గకపోతే ఇంకా భయం. ఊపిరి ఆడుతోందో లేదోనని వీపు మీద చెవి ఆనించి వినేది. బట్టల షాపులో వేలాడదీసిన ఉన్ని దుప్పట్లను రెండుసార్లు తాకి వచ్చింది. రెండుసార్లూ షాపువాడు "ఏ రంగు చూపించమంటారు" అన్నాడు. రెండుసార్లూ "మళ్ళీ వస్తాను" అంది.

అప్పుడు పక్కింటి వదిన ఆమెను బస్టాండు వెనక సందులోకి తీసుకెళ్ళింది. అక్కడ సాయంత్రం పూట సంచుల మనిషి ఒకడు వస్తాడు. సంచి మూతి విప్పి, కుక్కర్లూ ఇస్త్రీ పెట్టెలూ రగ్గులూ ఒక్కొక్కటే బయటికి తీస్తాడు.

"ఎక్కడివని మాత్రం అడక్కు వదినా. అడిగితే రేటు పెంచుతాడు" అంది పక్కింటి వదిన దారిలోనే. "మొన్న నేను కుక్కరు తీసుకున్నానా. అది విజిల్ వేస్తుందేగానీ ఎవరింటిదో చెబుతుందా ఏంటి."

పిల్లకని వదిన చెప్పగానే సంచుల మనిషి నీలం దుప్పటి ఒకటి దులిపి ఆమె చేతుల మీద పరిచాడు. మందంగా, బరువుగా, లోపల ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినంత మెత్తగా ఉంది.

"కప్పి చూడక్కా. పాప తెల్లారేదాకా కదిలితే నన్నడుగు" అన్నాడు.

ఆ మాట ఆమెకు నచ్చలేదు. పిల్ల కదలాలి. కదులుతూనే ఉండాలి. అయినా దుప్పటిని కిందికి దించలేదు. ఆమె బొటనవేలూ చూపుడువేలూ అలవాటు కొద్దీ దుప్పటి మూల కోసం వెళ్ళాయి. మూల దొరికింది కూడా. అక్కడ వేళ్ళకు ఏదో గరుకుగా తగలబోతుండగా చెయ్యి వెనక్కి లాక్కుంది.

ఆమెకు అప్పుడే తెలుసు. తెలియకపోతే చెయ్యి వెనక్కి లాక్కోవలసిన పని లేదు.

ఇంటికి వచ్చి, పిల్లకు కప్పి, పిల్ల కళ్ళు మూసుకున్నాక మూల తిరగేసింది. మూడు చుక్కలు, కింద ఒక గీత. గడియారాల పెద్దాయన ఇల్లు. కుట్లు తనవే. రెండో చుక్క కాస్త పక్కకు జరిగి ఉంది. ఆ రోజు సూది మొద్దుబారిందని కూడా గుర్తొచ్చింది. చాలాసేపు అలా పట్టుకునే కూర్చుంది. పిల్ల దగ్గింది. ఆమె లేచి సూది తెచ్చుకుని, ఒక్కొక్క కుట్టూ పైకెత్తి తెంపింది. గుర్తు పెట్టడమే కానీ తీయడం ఎరగని చెయ్యి. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది.

ఇవాళ పెద్దాయన బట్టలు తెచ్చే రోజు.

వారానికొకసారి, సరిగ్గా పది గంటలకు వస్తాడు. ఆయన గుమ్మంలో కనబడితే లాండ్రీ గోడ గడియారం సరిచేసుకునేవాళ్ళు. ఊళ్ళో సగం గడియారాలు ఆయన చేతిలో బాగుపడినవే. చూపు తగ్గాక దుకాణం మూసేశాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఇవాళ పది దాటింది. పదీ పావు దాటింది. ఆమె ఒక చొక్కాకు రెండుసార్లు గుర్తు పెట్టింది. రాకపోతే బాగుండునని ఒక క్షణం, ఏమైందో ఏమోనని ఇంకో క్షణం.

పదకొండుకు ఇరవై నిమిషాలుందనగా వచ్చాడు. చొక్కా మీద చొక్కా తొడుక్కున్నాడు. పైచొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. చంకలో చిన్న మూట.

"ఇవాళ ఆలస్యమైందే బాబాయిగారూ."

"దొంగ నా గడియారం కూడా ఎత్తుకుపోయాడు కదమ్మా. టైముకి ఇక వాడే రావాలి" అని నవ్వబోయి దగ్గాడు.

కళ్ళ ఆసుపత్రిలో ఒక పూట ఉండి వచ్చేసరికి తాళం పగిలి ఉందని, కుక్కరూ గోడ గడియారమూ దుప్పటీ పోయాయని ఆయన కిందటి వారమే చెప్పాడు. ఆమె కిందటి వారం "అయ్యో" అంది. ఆ అయ్యో ఇంకా గొంతులోనే ఉంది.

ఆయన మూట విప్పి పైనున్న దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. దిండు గలీబు. నీలం ఉన్నిది.

"గడియారం పోతే పోయిందమ్మా. ఎవడింట్లో ఉన్నా టైము ఒకటే చూపిస్తుంది. ఆ దుప్పటి మాత్రం మీ పిన్నిది. కొత్తలో పొడుగెక్కువైందని తన కొలతకి కత్తిరించేసింది. ఆవిడ పొట్టిది కదా. అప్పట్నుంచీ నా కాళ్ళు బయటే. అడిగితే, నువ్వు ముడుచుకు పడుకో అనేది." గలీబును అరచేత్తో చదును చేశాడు. "ఆ కత్తిరించిన ముక్కే ఇది. నీ దగ్గర ఉంచు, జోడు చూసుకోడానికి. కొన్నవాళ్ళు ఎప్పటికైనా ఉతుక్కి ఇక్కడికే తేవాలిగా. నీ కంట పడకుండా ఎక్కడికి పోతుంది?"

గలీబు మూలన ఎర్రదారం వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. మూడు చుక్కలు, ఒక గీత.

"దొరికితే..." అంది ఆమె. సిరా కలం మూత పెట్టింది, తీసింది. "కొన్నవాళ్ళని ఏం చేస్తారు బాబాయిగారూ?"

"ఏం చేస్తాను తల్లీ. పాపం వాళ్ళకీ చలేగా. ఇంకో దుప్పటి కొనిస్తాను, అది నాకిచ్చెయ్యమంటాను. ఇంకేముంది అందులో?"

ఆమె నోరు తెరిచింది. ఇప్పుడు అనేస్తే అయిపోతుంది. మా ఇంట్లోనే ఉంది బాబాయిగారూ, ఐదే ఐదు మాటలు కూడా కావు. కానీ ఆమె భయం ఎప్పుడూ నడవదు, పరుగెత్తుతుంది. ఇస్త్రీ మామయ్య వింటాడు. యజమానికి తెలుస్తుంది. గుర్తులమ్మే దొంగ దుప్పటి కొందట అంటారు. గుర్తు కూడా తనే తెంపిందట అంటారు. ఈ కిటికీ పోతుంది. కిటికీ పోతే మందులు పోతాయి. మందులు పోతే. అక్కడికి వచ్చేసరికి ఆమె నోరు దానంతటదే మూసుకుంది.

"చూస్తాను బాబాయిగారూ" అంది.

"నువ్వుండగా నాకు దిగుల్లేదు." ఆయన బల్ల పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. "కిందటి వారం మూట సాయంత్రం మామయ్యతో పంపించమ్మా. ఇవాళ మోయలేను."

నాలుగు చొక్కాల మూట అది. మోయలేననడం ఆమె విన్నది, పట్టించుకోలేదు. ఆ మాట తరువాత ఎన్నిసార్లు వినబడాలో అన్నిసార్లూ వినబడింది.

మధ్యాహ్నం భోజనం టైములో పరుగు లాంటి నడకతో ఇంటికి వెళ్ళింది. దారిలో ఒక అబద్ధం తయారు చేసుకుంది. దుప్పటి తెచ్చి, గుర్తు మళ్ళీ కుట్టి, ఎవరో మూటలో వచ్చిందని చెబుతుంది. ఎవరు తెచ్చారంటే ముఖం చూడలేదంటుంది. పిల్లకు పక్కింటి వదిన పాత బొంత అడిగి కప్పుతుంది. ఇన్నాళ్ళూ ఆ బొంత ఎందుకు అడగలేదో ఆమెకే తెలియదు. అడగడం కన్నా కొనడమే నామోషీ లేని పని అనిపించింది కాబోలు.

మూడు రోజులుగా బడికి పోని పిల్ల మెడదాకా కప్పుకుని పడుకుని ఉంది. దుప్పటి సరిగ్గా సరిపోయింది పిల్లకు. ఎవరో కొలత తీసి కత్తిరించినట్టు.

మూల పట్టుకుని మెల్లగా లాగబోయింది. పిల్ల కళ్ళు తెరిచింది.

"అమ్మా, దీనికి చిల్లులున్నాయి చూడు" అంటూ అదే మూల వేళ్ళతో తడిమింది. "ఒకటి, రెండు, మూడు. కింద వరసగా చిన్న చిన్నవి. నువ్వు పెట్టే గుర్తులాగే ఉంది."

"చిమ్మట కొట్టింది. పడుకో."

"చిమ్మటకి కూడా గుర్తులొచ్చా?" అని నవ్వి, నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు పిల్లికూతలోకి దిగింది. ఆమె వీపు రాసింది. పిల్ల దుప్పటిని పిడికిట్లోకి లాక్కుంది. "తియ్యకమ్మా. చలేస్తోంది."

పక్కింటి తలుపుకు తాళం వేసి ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి ఒకసారి వీధివైపు, ఒకసారి మంచం వైపు చూసింది. రేపు, అనుకుంది. పొద్దున్నే తనే పెద్దాయన ఇంటికి వెళ్తుంది. అబద్ధం కూడా వద్దు. దుప్పటి రెండు చేతులా పట్టుకుని జరిగింది జరిగినట్టు చెబుతుంది. తిడితే తిట్టనీ. ఆయన తిట్టడు, అదే కష్టం. రేపు అనుకున్నాక గుండె కొంచెం తేలికపడింది. సాయంత్రం వరకూ చెయ్యి తడబడకుండా గుర్తులు పెట్టింది.

ఐదు గంటలకు ఇస్త్రీ మామయ్య మూట సైకిలుకు కట్టుకుని వెళ్ళాడు. అరగంటలో తిరిగొచ్చాడు. మూట అలాగే ఉంది. దించి ఆమె బల్ల మీద పెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"తలుపు తీయలేదా?" అంది ఆమె.

"తలుపు తీసే ఉందమ్మా. వాకిట్లో మనుషులున్నారు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పొద్దున ఇక్కణ్ణుంచి వెళ్ళి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదట. పక్కవాళ్ళు టీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదట. గుండె అంటున్నారు."

ఆమె చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టింది.

"ముడుచుకు పడుకున్నాడు పాపం, చిన్నపిల్లాడిలా. కాళ్ళ మీద కోటు కప్పుకున్నాడు." మామయ్య మూట ముడి సరిచేశాడు, అక్కర్లేకపోయినా. "వయసైపోయిందిలే. చలికేం కాదు."

చలి సంగతి ఎవరూ అడగలేదు.

"ఇదెవరికివ్వాలి గుర్తులమ్మా?" అన్నాడు మూట చూపించి. ఏ గుడ్డ ఏ ఇంటిదో పద్దెనిమిదేళ్ళుగా తడుముకోకుండా చెప్పిన మనిషి, ఆ సాయంత్రం చెప్పలేకపోయింది.

ఇంటికి నడుస్తుంటే సంచిలో గలీబు ఆమె పక్కకు తగులుతూనే ఉంది. ఎప్పుడు ఏం ముంచుకొస్తుందోనని ఇన్నాళ్ళూ తన గుమ్మం ఒక్కటే కాపలా కాసింది. ఆ ముంచుకొచ్చేది దారి మళ్ళి ఇంకో గుమ్మంలోకి వెళ్తుందని ఆమెకు తోచలేదు. తోచి ఉంటే ఏం చేసేదో కూడా, నిజం చెప్పాలంటే, ఆమెకు తెలియదు.

పిల్ల మంచం మీద లేచి కూర్చుని ఉంది. నుదుటి మీద చెమట. ఊపిరిలో చప్పుడు లేదు. ఆకలేస్తోందంది. దుప్పటి కాళ్ళతో తన్నేస్తే కింద నేల మీద పడి ఉంది.

"ఉడికిపోతోందమ్మా అది" అంది.

పిల్ల తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. తరువాత దుప్పటి దులిపి, ఒళ్ళో వేసుకుని, సూదిలో ఎర్రదారం ఎక్కించింది. చిల్లులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వెతుక్కోవలసిన పని లేకుండా సూది వాటిలోకి దిగింది. రెండో చుక్కను మునుపటిలాగే కాస్త పక్కకు వేసింది.

"మనదేగా, దానికెందుకమ్మా గుర్తు?" అంది పిల్ల.

ఆమె దారం పంటితో కొరికి ముడి వేసింది.

తెల్లవారి ఆమె పనికి వెళ్ళాక కూడా అది గుమ్మం పక్క కుర్చీలోనే ఉంది. నాలుగు మడతల నీలం దుప్పటి, దాని మీద గలీబు, రెండింటి మూలల్లోనూ అవే మూడు చుక్కలు, అదే గీత, ఒకటి వెలిసిపోయి, ఒకటి పచ్చిగా.