ఇటివ్వు

మూడు రోజుల శిక్షణ అన్నప్పుడే రంపం మాస్టారికి ఒళ్ళు మండింది. ఇరవై ఆరేళ్ళుగా బడిలో చెక్కపని నేర్పుతున్న మనిషికి ఎవరో వచ్చి ఉలి పట్టుకోవడం నేర్పుతారట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదేనని స్టాఫ్ రూములో అందరూ వినేలా అన్నాడు. అందరూ నవ్వారు. బావమరిది మాత్రం నవ్వలేదు. అతనూ ఆ శిక్షణకు వెళ్ళాలి, పైగా అతనికి నిజంగానే ఉలి పట్టుకోవడం రాదు.

బావమరిది అంటే మాస్టారి భార్యకు స్వయానా తమ్ముడు. అదే బడిలో కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నేర్పుతాడు. మాస్టారి లెక్కలో అది పనే కాదు. తెర మీద కుర్చీ గీసినవాణ్ణి దాని మీద కూర్చుని చూపించమనండి, అప్పుడు ఒప్పుకుంటా అంటాడు. నోట్లో నాలుక లేని బావమరిది ఆ మాట విన్నప్పుడల్లా కళ్ళజోడు తుడుచుకునేవాడు.

వెళ్ళనంటే వెళ్ళనని ఒంటికాలి మీద లేచేవాడే గానీ, హెడ్మాస్టరు ఒక్క మాటతో నోరు మూయించాడు. పైనుంచి ఉత్తరం వచ్చింది. పదునైన పనిముట్లు, కోత యంత్రాలు ఉన్న గది తాళంచెవి ఇకమీదట ఈ శిక్షణలో పాసైనవాళ్ళ దగ్గరే ఉండాలి. "మీ ఇద్దరిలో ఎవరు పాసైతే గది వాళ్ళది మాస్టారూ. ఇద్దరూ తప్పితే గది మూసెయ్యడమే" అన్నాడు. ఆ తాళంచెవి ఇరవై ఆరేళ్ళుగా మాస్టారి బెల్టుకి వేలాడుతోంది. ఆదివారం కూరగాయలకు వెళ్ళినా అది ఆయన తొడమీద టకటకమంటూనే ఉంటుంది.

"అయితే వాళ్ళకే నాలుగు ముక్కలు నేర్పి వస్తాను" అన్నాడు మాస్టారు.

మొదటిరోజు చూసింది చూసినట్టు చెప్పాలంటే సిగ్గుచేటు. నలభైమంది టీచర్లు, నెత్తిన తెల్లజుట్టు ఉన్నవాళ్ళతో సహా, కూల్‌డ్రింక్ స్ట్రాలతో గోపురాలు కట్టారు. కట్టి చప్పట్లు కొట్టుకున్నారు. కుట్టుపని టీచరు తన గోపురం పక్కన నిలబడి ఫొటో దిగింది. శిక్షణ ఇచ్చేవిడ చొక్కా కాలరుకి చిన్న మైకు పెట్టుకుని, రెండడుగుల దూరంలో ఉన్నవాళ్ళతో కూడా హాలంతా దద్దరిల్లేలా మాట్లాడింది. మాస్టారు ఆవిడకి మైకమ్మ అని పేరు పెట్టి బావమరిది చెవిలో వేశాడు. రంపం అనగానే మీకు కలిగే భావాన్ని ఒక్క మాటలో రాసి గోడకి అంటించండి అని మైకమ్మ రంగుచీటీలు పంచింది. జనం ఆత్మవిశ్వాసం అని రాశారు, ప్రయాణం అని రాశారు. మాస్టారు రంపం అని రాసి అంటించాడు.

ఆ తర్వాత మైకమ్మ ఉలి ఎత్తి చూపిస్తూ జాగ్రత్తల గురించి చెప్పింది. పదునువైపు తన పొట్టకేసి పెట్టుకుని మరీ చెప్పింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

ఇంకా రెండు పేజీల కాగితం ఒకటి ఇచ్చారు. దయచేసి పూర్తిగా చదవండి అని పైన లావుపాటి అక్షరాలు. మాస్టారికి ఇచ్చిన బల్ల ఒక కాలు పొట్టిది, చెయ్యి ఆనిస్తే చాలు ఊగుతోంది. ఊగే బల్ల దగ్గర పనిచేసేవాడు పనివాడు కాదు. కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి కాలికింద దోపి, బల్లని అటూ ఇటూ తోసి చూశాడు. రాయిలా నిలబడింది.

"చూశావా, ఈ కాగితం వల్ల ఇంతకన్నా ఉపయోగం లేదు" అన్నాడు.

"అందులో ఏముందో చదవద్దా బావా" అన్నాడు బావమరిది.

"నీ కాగితం ఉందిగా, నువ్వు చదువుకో."

బావమరిది బుద్ధిగా చదువుకున్నాడు. రెండో పేజీ దగ్గర ఆగి ఏదో చెప్పబోయాడు కూడా. మాస్టారు అప్పటికే సంచిలోంచి స్టూలు తీసి మైకమ్మ దగ్గరికి నడిచాడు. ఊరికే రాలేదు మరి, తన గది గొప్పదనం తెలియాలని బడి గూట్లోంచి ఒక చిన్న స్టూలు వెంట తెచ్చుకున్నాడు. ఆ గూట్లో అలాంటివి అరవై ఉన్నాయి. ఒక్కొక్కదాని అడుగున ఒక్కో పిల్లదో పిల్లాడిదో పేరు ఉంటుంది. తల్లిదండ్రులు వచ్చినప్పుడు చూసి ముక్కున వేలేసుకుంటారు.

"మా తొమ్మిదో తరగతి పిల్ల చేసింది. రెండు జడలు వేసుకుని వస్తుంది, ఇంతే ఉంటుంది" అని చెయ్యి నడుము దగ్గర పెట్టి చూపించాడు.

మైకమ్మ స్టూలు తిప్పి తిప్పి చూసింది. "ఎక్కడా సందు లేదు. అంత చిన్నపిల్లకి ఇది ఎలా నేర్పారు మాస్టారూ?" అని అడిగింది. ప్రశ్న హాలంతా మోగింది.

"నేర్పడమేముంది, చూస్తూ ఉంటే వచ్చేస్తుంది" అన్నాడు మాస్టారు.

రెండోరోజు పొద్దున్న కంప్యూటర్లు, మధ్యాహ్నం చెక్క. ఇద్దరిద్దరు జతలు. తెలిసినవాళ్ళు పక్కపక్కన ఉండటం మంచిదని బావాబావమరుదుల్ని ఒక జత చేశారు. పొద్దున్న బావమరిది కుర్చీలో తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు ఒంటివేలితో మౌసు నొక్కుతూ, ప్రతి గీతకూ ఒక తిట్టు తిడుతూ, రెండు గంటల్లో ఒక డబ్బా గీశాడు. నాలుగుసార్లు మొత్తం చెరిగిపోయింది. నాలుగుసార్లూ బావమరిది, "పర్లేదు బావా, మళ్ళీ మొదలుపెట్టు. ముందు ఎడంచేతి మూల" అనే అన్నాడు.

"ఎందుకలా చేతులమీద కూర్చున్నావు, చలా?"

"లేకపోతే నీ చేతిలో మౌసు లాక్కుంటాను."

మధ్యాహ్నం పని తేలిక. రెండు చెక్కముక్కల్లో ఒక్కో గాడి తీసి, ఒకదాంట్లో ఒకటి దించి గుణకారం గుర్తులా కూర్చాలి. బావమరిది రంపం అందుకుని రెండు లాగులు లాగాడో లేదో మాస్టారి చెయ్యి ముందుకొచ్చింది. "ఇటివ్వు." మూలమట్టం పెట్టి గీత గీయబోతే, "ఇటివ్వు." ఉలి తీస్తే, "ఇటివ్వు." చివరికి బావమరిది వెళ్ళి రెండు టీలు తెచ్చాడు. అతుకు మాత్రం అద్భుతంగా వచ్చింది. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసినా సందు కనపడలేదు. చుట్టుపక్కల బల్లలవాళ్ళు లేచి వచ్చి చూశారు. మాస్టారు గుంభనంగా నవ్వుకుంటూ బల్ల మీది పొట్టు ఊదాడు.

"రేపటికి నాకు కాస్త వచ్చుంటే బాగుండేది" అన్నాడు బావమరిది ఇంటికి వెళ్తూ.

"రేపు నేనున్నాగా."

మూడోరోజు మైకమ్మ పరీక్ష పద్ధతి చదివింది. పొద్దున్న డిజైన్ తెలిసినవాళ్ళు తమ జతవాళ్ళతో గీయించాలి. మధ్యాహ్నం చెక్కపని తెలిసినవాళ్ళు తమ జతవాళ్ళతో అతుకు చేయించాలి. నేర్పేవాళ్ళకే పాసూ ఫెయిలూ. నోటితో ఎంతైనా చెప్పొచ్చు. నేర్చుకునేవాళ్ళ పనిమీద మూడుసార్లు చెయ్యి పెడితే ఫెయిల్.

"ఇదెప్పుడు చెప్పారు?" అన్నాడు మాస్టారు.

"మొదటిరోజు ఇచ్చిన కాగితంలో ఉంది మాస్టారూ, రెండో పేజీ."

మాస్టారు వంగి బల్లకాలి కిందకి చూశాడు. కాగితం ఎనిమిది మడతల్లో నోరు మూసుకుని తన పని తాను చేసుకుంటోంది.

పొద్దున్న పరీక్షలో బావమరిది మళ్ళీ చేతులమీద కూర్చున్నాడు. మాస్టారు ఈసారి గంటలోపే గీశాడు, ఒక్కసారే చెరిగింది. మైకమ్మ బావమరిది పేరెదురుగా టిక్కు పెట్టింది. అప్పటికైనా మాస్టారికి భయం వేసుండాల్సింది. వెయ్యలేదు. స్ట్రాలతో గోపురాలు కట్టించే మనుషుల పరీక్ష తనకొక పరీక్షా అనుకున్నాడు.

మధ్యాహ్నం బావమరిది చెక్కముక్కని వైస్‌లో వంకరగా బిగించాడు. మాస్టారి చెయ్యి అనుకోకుండానే వెళ్ళి సరిచేసింది. "ఒకటి" అంది మైకమ్మ. రంపం పిడిని గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "అలా కాదోయ్... ఇలా... అబ్బ, ఇటివ్వు." లాక్కుని, పట్టు చూపించి, తిరిగి ఇచ్చాడు. "రెండు" అంది మైకమ్మ. హాలు మొత్తానికి వినపడింది.

మాస్టారు చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. బెల్టుకున్న తాళంచెవి వేళ్ళకి తగిలింది, దాన్నే గట్టిగా పట్టుకున్నాడు. బావమరిది రంపాన్ని గీతకి ఇవతల ఆనించాడు. ఉండాల్సిన చెక్కవైపు. అలా కోస్తే గాడి వెడల్పైపోతుంది, అతుకు గిలక్కాయలా ఆడుతుంది. గీతకి అవతల, పారేసే చెక్కవైపు కొయ్యమని చెప్తే సరిపోతుంది. చిన్న మాట. రంపం పట్టిన ప్రతివాడికీ తెలిసిన మాట. ఆ మాట కోసం మాస్టారు తన గొంతులో వెతుక్కున్నాడు. లేదు. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే పడలేదు. గీత దగ్గరికి వచ్చేసరికి రంపం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది.

"అది కాదు, అటు... అటంటే అటు కాదు..." అన్నాడు.

బావమరిది తలెత్తి చూశాడు. "ఎటు బావా? నిదానంగా చెప్పు."

రంపం కదిలింది. పళ్ళు గీతని కొరికాయి.

"ఇటివ్వు."

మూడు అని మైకమ్మ అన్నదో లేదో మాస్టారికి వినపడలేదు. అప్పటికే రంపం ఆయన చేతిలో ఉంది. పోయిందని తెలుసు. తెలిసి కూడా ఆగలేదు. గీతకి అవతల వెంట్రుకవాసిలో రంపం పెట్టి, నాలుగు లాగుల్లో అడుగుదాకా తిన్నగా కోసేశాడు. అంత చక్కటి కోత ఆ హాలు చూసి ఉండదు. ఎవ్వరూ చప్పట్లు కొట్టలేదు.

మైకమ్మ దగ్గరికి వచ్చి, ఆయన పరువు పోకూడదని గొంతు బాగా తగ్గించి చెప్పింది. "కోత బ్రహ్మాండం మాస్టారూ. కానీ ఈ పరీక్ష మీ చేతికి కాదు." మైకు తియ్యడం మర్చిపోయింది. నలభైమందీ విన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు అందరినీ కడిగేశాడు. మైకమ్మని, స్ట్రాలని, ఉత్తరం రాసిన పైవాళ్ళని, ఊగే బల్లని. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆయనకీ తెలుసు, ఎదుటివాళ్ళ మీద బోలెడుసార్లు వాడాడు. భార్య గోడకి మేకు కొట్టి తగిలించమని వారం నుంచి అడుగుతున్న క్యాలెండరు చేతిలో పట్టుకుని అంతా వింది.

"మన పెళ్ళైన కొత్తలో నేను మేకు కొట్టబోతే సుత్తి లాక్కున్నారు, గుర్తుందా?" అంది.

"వేలు నలగ్గొట్టుకుంటావని లాక్కున్నా."

"అవును. ఇప్పటికీ నాకు మేకు కొట్టడం రాదు" అని క్యాలెండరు బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్న మాస్టారు హెడ్మాస్టరు ముందు బెల్టు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. హెడ్మాస్టరు దాన్ని బావమరిదికి ఇచ్చాడు. బావమరిది గది తెరిచి, తలుపు దగ్గరే నిలబడి, "పాఠం నువ్వే చెప్పు బావా. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు. ఆ మంచితనం మాస్టారికి చెంపదెబ్బకన్నా ఎక్కువ మండింది. తనకు దయ చూపించేటంత వాడయ్యాడా వీడు అనుకున్నాడు. చూపిస్తాను, చెయ్యి పెట్టకుండా నేర్పడం అంతేముంది అనుకున్నాడు.

తొమ్మిదో తరగతి పిల్లలు ముప్ఫైమంది, పదిహేను బల్లలు. ఈరోజు ఎవరి చెక్క వాళ్ళే కొయ్యాలని చెప్పి, మాస్టారు చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని నడవసాగాడు. మొదటి బల్ల దగ్గర రెండు జడల పిల్ల ఉంది, గూట్లో స్టూలు అడుగున పేరున్న పిల్ల. రంపం ఆనించింది. రెండు లాగులు లాగింది. రంపం గీత దాటి ఇవతలికి జారింది. మాస్టారి వేళ్ళు జేబుల్లో బిగుసుకున్నాయి. కొయ్యనీ, వంకరగా పోతే పోనీ అని పళ్ళు బిగబట్టాడు.

పిల్ల ఆగింది. రంపాన్ని తిప్పి, పిడి మాస్టారి వైపు పెట్టి, వినయంగా చాపింది.

"నాకెందుకమ్మా? నువ్వే కొయ్యి."

పిల్లకి అర్థం కాలేదు. "రెండు లాగులు అయిపోయాయి కదా మాస్టారూ" అంది.

మాస్టారు తలెత్తాడు. వెనక బల్ల దగ్గర పిల్లాడు రెండు లాగులు లాగి రంపం ముందుకు చాపి నిలబడి ఉన్నాడు. దాని వెనక బల్ల దగ్గర ఇంకో పిల్ల. గోడదాకా వరసలు వరసలుగా, పిడులు ఆయనవైపు తిప్పి, ఎవరూ గొడవ చెయ్యకుండా, వచ్చి తీసుకుంటారని ఎదురు చూస్తున్నారు. అంత శ్రద్ధగా నేర్చుకున్న పిల్లల్ని ఆ బడిలో ఇంకే టీచరూ తయారుచెయ్యలేదు.

బావమరిది తలుపు దగ్గర కుర్చీలో చేతులమీద కూర్చుని ఉన్నాడు. మాస్టారు అతనివైపు చూశాడు. ఆ తర్వాత రెండు జడల పిల్ల పక్కకి వెళ్ళి వంగి, గీత మీద వేలు పెట్టబోయి ఆగి, నోరు తెరిచాడు.

"గీతకి..." అన్నాడు. మిగతా మాట కోసం గది మొత్తం ఆగింది.