పిచ్చుక కేసు

మా అమ్మాయి పోయిన మరుసటి ఏడాది నేను కౌన్సెలర్ శిక్షణలో చేరాను. ఎందుకని అడిగినవాళ్ళకు, బడిలో పిల్లలకు పనికొస్తుందని చెప్పాను. అది అబద్ధం కాదు. పాఠం అర్థం కాలేదంటూ నా బల్ల దగ్గరికి వచ్చి, మరేదో చెప్పబోయి, మింగేసి వెళ్ళిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

శిక్షణ ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన జరిగేది. రెండు చిన్న గదులు. మాట బయటికి పోకుండా గోడలకు పాత తివాచీ ముక్కలు అంటించారు. గదికి రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కాస్త ఓరగా వేసి ఉండేవి. మాట్లాడే మనిషి చూపు తప్పించుకోవాలంటే కిటికీ ఉండాలట. గడియారం మాత్రం వచ్చినవాళ్ళ వెనక గోడకు, కౌన్సెలర్‌కి ఒక్కరికే కనబడేలా ఉండేది.

లైసెన్సు రావాలంటే ఒక కేసును మొదటి నుంచి వీడ్కోలు దాకా నడిపి, ఆ రికార్డులు ఇవ్వాలి. నిజమైన మనుషుల్ని అప్పుడే మా చేతికి అప్పగించరు కాబట్టి, ఆ కేసుకు మాలో మేమే ఒకరికొకరం క్లయింట్లుగా కూర్చోవాలి. మాకు నేర్పే ఆవిడను పెద్ద మేడమ్ అనేవాళ్ళం. మొదటి రోజే ఆవిడ నియమం చెప్పేసింది.

"మనిషిని కల్పించుకుని రండి, కష్టాన్నీ కల్పించుకుని రండి. మీ ఇంటి కష్టాలు మాత్రం గొడుగులతో పాటు బయటే పెట్టి రండి."

నాకు జతగా మందుల షాపు అతను వచ్చాడు. నాకన్నా బాగా చిన్నవాడు. అప్పటికే ఈ శిక్షణ ఒకసారి తప్పాడు. ఎవరు కష్టం చెప్పుకున్నా వెంటనే మందు చెప్పేయడం అతని జబ్బు.

"బాబూ, రోజుకు మూడు పూటలా ఏడవమని చీటీ రాసివ్వకు," అని మేడమ్ అందరి ముందూ అనేసేది.

"ఏం చెయ్యను మేడమ్, మనిషి నోరు తెరిస్తే నా చెయ్యి దానంతటదే అర మీదికి పోతుంది," అని అతనూ నవ్వేవాడు.

మొదటి సెషన్‌లో అతను ఫోను స్టూలు మీద పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టే ముందు అడిగాడు.

"ఎవర్ని తెచ్చారు టీచర్ గారూ?"

"పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని. హాస్టల్లో ఉంటుంది. చదువు మీద మనసు లేదు."

"పేరు?"

పేరు ఆలోచించుకోలేదు. "ఇంట్లో పిచ్చుక అంటారు," అన్నాను.

అది మా అమ్మాయి ముద్దుపేరు. కంచం ముందు గింజలు ఏరుకుంటున్నట్టు కూర్చునేదని వాళ్ళ నాన్న పెట్టారు. ఆ పేరు నోట్లోంచి వచ్చాక మిగతాది నా చేతిలో లేకపోయింది. ఒక కాలు మడిచి కుర్చీలో పెట్టుకున్నాను. స్వెట్టరు చేతుల్ని వేళ్ళ మీదికి లాక్కున్నాను. మోకాలు నొప్పెట్టింది.

"నాకేం లేదు. మా అమ్మ పంపిస్తే వచ్చాను," అంది పిచ్చుక.

అలా వారం వారం వచ్చింది. నేను ముందుగా ఏమీ అనుకుని వెళ్ళేదాన్ని కాదు. కాలు మడిస్తే మాట వచ్చేది.

"ఏం పిచ్చుకా, ఈ వారం ఎవరి మీద కోపం?"

"మీ మీదే. పెందలాడే లేవమన్నారుగా. మీరు లేస్తున్నారా?"

అతను పగలబడి నవ్వాడు. ఆ రికార్డు విన్నాక మేడమ్ అతన్ని మందలించింది కూడా.

పిచ్చుక చదువుతున్నది మానేసి బొమ్మలు వేయడం నేర్చుకుంది. గురక పెట్టే స్నేహితురాలితో పోట్లాడి, గది మారి, ఆ గురక లేక నిద్ర పట్టక మళ్ళీ పాత గదికి చేరింది. అవేవీ నాకు తెలిసిన సంగతులు కావు. మా అమ్మాయికి ఇరవై నిండలేదు. ఒక వారం పిచ్చుకకు నిండాయి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కూరగాయలు తరుగుతూ నవ్వుకున్నాను కాబోలు. మా ఆయన టీవీ ముందు కూర్చుని ఉన్నారు. ఏడాదిగా ఆయన దాని గొంతు నొక్కి బొమ్మ మాత్రమే చూస్తున్నారు.

"ఏంటి నవ్వుతున్నావ్?"

"పిచ్చుక ఇవాళ..." అని ఆగిపోయాను.

కత్తి పక్కన పెట్టి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన టీవీ కట్టేసి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"తర్వాత? ఏమంది?"

అప్పటి నుంచి క్లాసు ఉన్న రోజు ఆయన వీధి మలుపు దాకా ఎదురొచ్చేవారు. నా చేతిలో సంచి అందుకుని, ఏమందని అడిగేవారు. నేను చెబుతుంటే, "అనదూ మరి! నోరు కాదు అది," అని మురిసిపోయేవారు. ఇద్దరం ఆ మాటలతో ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ దారిలో మా మధ్య మూడో మనిషికి చోటు వదిలినట్టు, కాస్త ఎడంగా నడవడం అలవాటైంది.

మేడమ్ ఒకరోజు మా ఇద్దర్నీ పిలిచింది.

"ఈ అమ్మాయి బాగానే ఉందిగా? ఇంకా ఎందుకు వస్తోంది?"

"నేను ముగిద్దామన్నప్పుడల్లా కొత్త కష్టం తెస్తోంది మేడమ్," అన్నాడు అతను నా వైపు ఓరగా చూస్తూ.

"క్లయింటు తెస్తూనే ఉంటుంది. వీడ్కోలు చెప్పడం నీ పని. వచ్చే వారం అదే ఆఖరు. ఆ రికార్డు రాకపోతే ఈసారీ తప్పినట్టే."

ఇంటి దారిలో ఆ సంగతి మా ఆయనతో చెప్పాను. ఆయన నడక ఆపేశారు.

"ఇంకొన్నాళ్ళు ఆగమనరాదూ?"

"ఆగితే అతను తప్పుతాడు."

"తప్పితే తప్పనీ."

ఎవరి గురించీ చెడు తలవని మనిషి. ఆ మాట అన్నందుకు ఆయనే ఉలిక్కిపడ్డారు. కాసేపటికి మెల్లగా అన్నారు. "అయితే ఆఖరున ఒక్కటి అడుగు."

"నేను అడిగేదాన్ని కాదుగా. జవాబు చెప్పేదాన్ని."

ఆయన నా ముఖం అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. ఏం అడగమనాలనుకున్నారో చెప్పలేదు.

ఆఖరి రోజు నేను కాలు మడుచుకుని, కూర్చోగానే మొదలుపెట్టాను. "హాస్టల్ నుంచి పంపించేస్తారట. ఎక్కడికి పోవాలో తెలీడం లేదు."

అతను గడియారం వైపు చూశాడు. "పిచ్చుకా, ఇది ఆఖరిసారని పోయిన వారం అనుకున్నాం."

"అనుకున్నది మీరు."

"నిజమే," అన్నాడు.

ఇదివరకటి మనిషైతే హాస్టల్ వార్డెన్‌తో ఎలా మాట్లాడాలో చెప్పేవాడు. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కింద దుకాణంలో అద్దాలు అరగదీసే యంత్రం ఆగింది. అతను కదల్లేదు.

"నాకు రావాలని లేదు," అంది పిచ్చుక.

"ఎక్కడికి?"

"ఇక్కడికి. నేను చెప్పాల్సిందంతా ఎప్పుడో అయిపోయింది. అమ్మే తీసుకొస్తోంది. అమ్మే ఇంకా ఏదో ఒకటి చెప్పిస్తోంది."

అది నేను అనుకున్న మాట కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

అతను కొంచెం ముందుకు వంగాడు. "అమ్మ ఇప్పుడు ఎక్కడుంది?"

నేను కాలు కిందికి దించాను. "ఇక్కడే ఉంది," అన్నాను. అది నా గొంతే.

అతను చెయ్యి చాచి రికార్డింగ్ ఆపేశాడు. "టీచర్ గారూ, ఈ అమ్మాయి..."

"పోయింది. రెండేళ్ళు కావస్తోంది."

"ముందే చెప్పాల్సింది మీరు."

"చెబితే మీరు నాతో మాట్లాడేవారు. తనతో మాట్లాడేవారు కాదు."

అతను అరచేత్తో ముఖం రుద్దుకున్నాడు. రికార్డులో ఆ చివరి మాట దాకా ఉంచి ఇస్తే చాలని, కథలో అమ్మ కూడా కల్పనే అనుకుంటారని నేనే చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"పాసవుతాననే నాకూ అనిపిస్తోంది. కానీ చెవిలో మీ అమ్మాయి మాటలు పెట్టుకుని రేపటి నుంచి నేను ఎవరి ఎదుట కూర్చోగలను? పదండి, మీరే చెప్పండి మేడమ్‌కి."

చెప్పాను. మేడమ్ మధ్యలో అడ్డు రాలేదు. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కేసు చెల్లదు. నువ్వు ఇంకొకరితో మళ్ళీ మొదలుపెట్టు బాబూ." తర్వాత నాతో, "మీ లైసెన్సు ఆగుతుందమ్మా. ముందు మీరు మీ పేరుతో ఒకరి ఎదుట కూర్చోవాలి. ఎన్నాళ్ళో నేను చెప్పను."

"తర్వాత రావచ్చా?"

"రావచ్చు. రమ్మనే అంటున్నాను." అతని ఫోను వైపు చూసి, "చెల్లని కేసు రికార్డులు ఉంచకూడదు. ఇక్కడే తీసెయ్యాలి," అంది.

అతను ఫోను నా చేతికిచ్చాడు. వారం వారం రికార్డులు వరసగా ఉన్నాయి. ఒక్కటి ఉంచుకోనా అని నోటిదాకా వచ్చింది. మా ఆయన ఒక్కటీ వినలేదు. విన్నా అందులో వినబడేది నా గొంతు, నా దగ్గు, ఆ కుర్చీ కిర్రుమనడం. అది నాకు తెలుసు. తెలిసినా వేలు కదలడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ తొందర పెట్టలేదు. ఒక్కొక్కటీ నేనే తీసేశాను.

మెట్లు దిగుతూ మందుల షాపు అతను అన్నాడు. "టీచర్ గారూ, నాకు కోపంగానే ఉంది. పోతుంది లెండి. ఇవాళ మాత్రం ఉంది."

"ఉండనివ్వండి," అన్నాను.

మా ఆయన మలుపు దగ్గర లేరు. ఇంటికి వెళ్ళి తలుపు తట్టాను. తీశారు. నా సంచి అందుకోలేదు.

"అయిపోయింది," అన్నాను.

"సరే," అన్నారు.

నేను లోపలికి వెళ్ళి చెయ్యి కడుక్కుని వెనక్కి తిరిగాను. ఆయన తలుపు వెయ్యలేదు. రెక్క పట్టుకుని, ఒక మనిషి రావడానికి చోటిచ్చి పక్కకు జరిగి, మెట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. చల్లగాలి లోపలికి వస్తోంది. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను.