ఉప్పు తాగిన ఇటుక

నాన్‌జింగ్ కోటగోడ పడగొట్టిన రోజుల్లో ఇటుక ఎత్తుకుపోని ఇల్లు లేదు. ఒకడు కోళ్ళగూడు కట్టుకుంటే ఇంకొకడు పొయ్యి కట్టుకున్నాడు. తావ్ యీలిన్ భార్య సూచిన్ మాత్రం ఒకే ఒక్క ఇటుక మోసుకొచ్చి, ఆకుకూర ఊరవేసే జాడీలో బరువుగా పెట్టింది. ఏటా చలి ముదరగానే కూరను ఉప్పులో తొక్కేది, పైన ఇటుక పెట్టేది. ఆవిడ పోయాక జాడీ ఎండిపోయింది. పిల్లాజెల్లా లేరు. తన తర్వాత ఈ ఇటుక ఏ చెత్తబండి పాలవుతుందోనని ముసలివాడైన యీలిన్‌కు దిగులు పట్టుకుంది. మిగిలిన గోడముక్కకు మరమ్మతు చేస్తున్నారని, పాత ఇటుకలు తెచ్చిస్తే అందులో పెడతారని విని, దాన్ని సంచిలో వేసుకుని బయల్దేరాడు. తను పోయినా గోడలో అది ఉంటుంది కదా అనుకున్నాడు.

మేస్త్రీ చూ ఇటుకను అటూ ఇటూ తిప్పి, వేలితో రాసి, నాలిక్కి తగిలించుకున్నాడు.

"ఏం తాతా, ఇటుక తెమ్మంటే ఊరగాయ తెచ్చావేంటి?"

"నా పెళ్ళాం కూరజాడీలోది. ఏం, పనికిరాదా?"

"ఇది పెడితే పక్కనున్నవాటిని కూడా తినేస్తుంది. చెమ్మ తగిలిందా, ఉప్పు పైకొచ్చి పొడిపొడి చేస్తుంది. మామ్మ ఉప్పు బాగానే దట్టించింది!"

"దట్టించేది," అన్నాడు యీలిన్. ఎన్నాళ్ళకో ఒకరి నోట ఆవిడ మాట వచ్చింది. ఇంకో ముక్క అంటాడేమోనని నిలబడ్డాడు. మేస్త్రీ అప్పటికే సున్నం కలుపుకుంటున్నాడు.

"మంచినీళ్ళలో నానబెట్టు, రోజూ నీళ్ళు మార్చు. ఉప్పంతా దిగాక పట్రా, నా చేత్తో నేనే పెడతా."

యీలిన్ మొండిగోడ వెంట కాసేపు నడిచాడు. పైన గడ్డి మొలిచింది, కింద ఎండలో ముసలాళ్ళు పేకాడుకుంటున్నారు. ఆయన్ని ఎవరూ పలకరించలేదు.

ఇంటికి రాగానే ఇటుకను బకెట్లో నానబెట్టాడు. తెల్లారేసరికి నీళ్ళు మసకబారాయి. వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. సూచిన్ ఏటేటా గుప్పెటతో వేసిన ఉప్పు. బకెట్ ఎత్తి తూము దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఇలా రోజూ పారబోస్తే గోడకి ఇటుకైతే దక్కుతుంది, తనకి సూచిన్ దక్కదు. ముసలాయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఆ గోడా వద్దు, ఏమీ వద్దు పోవే," అని ఇటుకను తీసి, తుడిచి, పొయ్యి పక్కన పెట్టుకున్నాడు.

బకెట్లో నీళ్ళు తేర్చి గిన్నెలో పోసి, అందులోనే నూడుల్స్ ఉడికించుకున్నాడు. వేరే ఉప్పు వెయ్యలేదు. తినడం అయ్యాక గిన్నె ఎత్తి ఆ నీళ్ళు కూడా తాగేశాడు.