కనబడని అక్షరాలు

మనసులో చెప్పుకున్న ప్రార్థన చేరవలసిన చోటికి చేరుతుందా అన్న అనుమానం టైపు మాస్టారుకి ముప్పై ఏళ్ళుగా ఉంది. వేలు పడితే కాగితం మీద అక్షరం పడాలి. ఆయన నేర్చుకున్నదీ, ఊరందరికీ నేర్పిందీ అదే. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని కూర్చునేవారు. చెప్పవలసింది చెప్పేవారు. కాగితం మాత్రం తెల్లగానే ఉండేది.

ఈ ఆదివారం ఆయన కూర్చున్నది కంప్యూటరు ముందు. పన్నెండేళ్ళ కిందట వదినగారు తన తల్లి రాసుకున్న కీర్తనల నోటుపుస్తకం చేతికిచ్చి, "పెద్దక్షరాలతో కొట్టిపెట్టవయ్యా మరిదీ" అంది. "వచ్చేవారం వదినా" అన్నారు. ఆ వారం రానేలేదు. ఆ మొహమాటానికి వదినగారింటికి వెళ్ళినా నిలబడి పలకరించి రావడమే కాని కూర్చోవడం మానేశారు. మొన్న కళ్ళ డాక్టరు, ఆవిడ చూపు మహా ఉంటే ఈ ఏడాదేనన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. తీరా చూస్తే కంప్యూటరు లేవనని మొరాయించింది.

మరమ్మతుల కొట్టున్న బావమరిది వచ్చి చూసి, "కొత్త సిస్టం దీని నెత్తిన పెడితే చస్తుంది బావా. ముసలెద్దుకి తేలిక కాడి కట్టాలి" అంటూ పాత కంప్యూటర్ల కోసం చేసిన లినక్సు అనే సిస్టం ఎక్కించి పోయాడు. రాసుకునే సాఫ్ట్‌వేరు మాత్రం మాస్టారే ఎక్కించుకోవాలి. కొట్టవలసిన ఆజ్ఞని చీటీ మీద రాసిచ్చాడు.

మాస్టారు తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్లటి కిటికీ తెరిచి, చీటీలో ఉన్నది తప్పు లేకుండా కొట్టారు. పాస్‌వర్డు అడిగింది. కొట్టారు. తెర మీద చుక్క కూడా పడలేదు. కీబోర్డు తిరగేసి దులిపారు. తీగ లాగి గుచ్చారు. మళ్ళీ, ఈసారి ఒక్కో మీటా రెండేసిసార్లు, గట్టిగా కొట్టారు. తప్పంది. మూడోసారీ తప్పని మొహం తిప్పుకుంది. నడుము లాగేస్తోంది. ఫోను తీశారు.

"నీ లినక్సుకి చెవుడురా! ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదు."

అవతల బావమరిది పగలబడి నవ్వాడు. "పడదు బావా, పాస్‌వర్డు కనబడనివ్వదు. కనబడకపోయినా తీసుకుంటుంది. నువ్వు ఒక్కసారి సరిగ్గా కొట్టి, ఎంటరు నొక్కి, నోరు మూసుకుని కూర్చో."

"కనబడకపోయినా?"

"ఆఁ. ఊరందరికీ టైపు నేర్పావు, ఆమాత్రం నీ వేళ్ళని నమ్మలేవా?"

మాస్టారు ఫోను పెట్టేసి, కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. చీటీలోది మళ్ళీ కొట్టి, పాస్‌వర్డు నెమ్మదిగా, ఒక్కసారే కొట్టారు. తెర ఖాళీగానే ఉంది. ఎంటరు నొక్కారు. బిలబిలమంటూ వరసలు దిగడం మొదలైంది. 'అలాగా' అనుకున్నారు లోపల. అంతకంటే ఏమీ అనుకోవడానికి ఓపిక లేదు.

సాఫ్ట్‌వేరు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. తెలుగు అక్షరాలు విడిగా ఎక్కించాలని అప్పుడు తెలిసింది. అదీ అయింది. ఆ తరవాత తొమ్మిది రోజులు, పూటకి రెండు కీర్తనల చొప్పున, మెడ పట్టేస్తున్నా కొట్టారు. పదోనాడు ప్రింటరు మూలుగుతూ మూలుగుతూ నలభై కాగితాలు కక్కింది.

వదినగారు కాగితాలు కిటికీ వెలుగులో పెట్టుకుంది. మొదటి పేజీ మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ పోయింది. మాస్టారు నిలబడే ఉన్నారు. మూడో చరణం దగ్గర వేలు ఆగింది.

"మా అమ్మ ఇక్కడ దీర్ఘం పెట్టింది. మింగేశావేం?"

"దిద్దుకొస్తాను వదినా. వచ్చేవా..." అని నాలిక కరుచుకున్నారు.

"వద్దులే, నీ వారాలు నాకు తెలుసు. పెన్నిలా ఇయ్యి."

ఆవిడ తడుముకుంటూ, తానే దీర్ఘం పెట్టుకుంది. ఇంత పెద్దక్షరాలకి అక్కర్లేదన్నట్టు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మళ్ళీ మొదటినుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. మాస్టారు పాత నోటుపుస్తకం ఆవిడ పక్కన పెట్టి, పన్నెండేళ్ళ తరవాత ఆ ఇంట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నారు.