పిట్టలు వేసిన మనిషి

కాలరు రెండోవైపు ఇస్త్రీ చేస్తుండగా ఆమె కన్ను లాప్‌టాప్ మీద పడింది. సాయంత్రం సభలో చూపించబోయే బొమ్మలు తెరిచిపెట్టి మొగుడు స్నానానికి వెళ్ళాడు. పాతకాలపు మట్టి పళ్ళేలు, వాటి మీద తోకెత్తిన పిట్టలు. కింద కుమ్మరి పేరు ఒక్కటే ఉంది. ఆయన భార్య ఏమైపోయినట్టు?

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! మొగుడూ తనూ పనిచేసేది ఒకే మ్యూజియంలో. అక్కడ ఒక ప్రాజెక్టుకి అతను పెద్ద, ఆమె వివరాలు ఎక్కించే ఉద్యోగి. రకరకాల మ్యూజియాల వివరాలను ఒకదానికొకటి ముడివేసి, ఎవరైనా చూసుకునేలా నెట్‌లో పెట్టడం వాళ్ళ పని. ఒకచోట పళ్ళేల తేదీలున్నాయి, ఇంకోచోట ఆ ఊళ్ళో చావుల వివరాలున్నాయి. విడివిడిగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ తట్టలేదు. ముడివేసింది ఆమె. కుమ్మరి భార్య పోయాక చేసిన పళ్ళేల మీద, ఏ మ్యూజియంలో చూసినా, ఒక్క పిట్ట లేదు. కుమ్మరి మాత్రం నిక్షేపంలా బతికి బోసి పళ్ళేలు చేసుకుంటూ పోయాడు. ఆ సంగతి మొట్టమొదట చెప్పుకుంది మొగుడికే. "అబ్బ, ఎంత పని చేశావే!" అని పొంగిపోయాడు. ఆ మురిపెంలోనే ఆమె కుమ్మరి భార్యకు సొంతంగా ఒక పేజీ పెట్టి, పిట్టల పళ్ళేలన్నీ ఆ పేరు తెలియని మనిషికి ముడివేసింది.

తల తుడుచుకుంటూ వచ్చినవాణ్ణి నిలదీసింది.

"ఆవిడ పేజీ తీసేశారా?"

"తియ్యలేదే, ఆయన పేజీలో కలిపేశా. నేను మాట్లాడేది మహా కళాకారుడి గురించి. మధ్యలో ఈవిణ్ణి దూర్చితే నా ప్రసంగం ఏం కాను? మొగుడూ పెళ్ళాలేగా, ఎక్కడికి పోతుంది!"

ఇక్కడ కలిపితే అన్ని మ్యూజియాల్లోనూ కలిసిపోతుంది. ఆ సంగతి అతనికి తెలియంది కాదు.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "వాడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదటే? పొద్దున్నే పేచీలేంటి, చొక్కా ఇవ్వు."

ఇచ్చింది. పరాయివాడు చేసుంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు. నమ్మించి గొంతు కోశాడు.

సాయంత్రం సభలో వేరే మ్యూజియం నుంచి వచ్చిన పెద్దాయన లేచాడు. "నిన్నటిదాకా ఈ పిట్టలు ఆయన భార్య వేసిందని మాకు కనపడేది. ఇవాళ లేదు. ఏది నిజమండీ?"

మొగుడు తడుముకోలేదు. ముందు వరసలో ఉన్న ఆమెను చూపించి నవ్వాడు. "పళ్ళేల సంగతి మా ఆవిణ్ణే అడగాలండీ. ఇంట్లో రోజూ తోమేది తనే!"

హాలంతా ఘొల్లుమంది. తనూ నవ్వేసి ఊరుకుంటుందని అతని ధీమా. ఇలాంటి జోకులకు ఆమె ఎన్నిసార్లు నవ్వలేదు గనక!

లేచి వెళ్ళి మైకు అందుకుంది.

"పిట్టలు వేసింది ఆయన భార్యేనండీ. కనిపెట్టింది నేను. తెలిసీ చెరిపేసింది మావారు."