ఒదీల్ ఎంచుకున్న బరువు తుపాకీ

బాతుల వేట మొదలయ్యే శనివారం ఇంకా నాలుగు రోజులుందనగా ఒదీల్‌కీ తమ్ముడికీ తగువైంది. మొదలుపెట్టింది తమ్ముడు యులిస్. కాఫీకి వచ్చినవాడు తాగి పోవచ్చు కదా! కప్పు కింద పెట్టి, "ఈ ఏడు నువ్వు మాటులోకి రావద్దక్కా. వేట క్యాంపులో కూర్చుని గంబో పులుసు వండిపెట్టు, చాలు," అన్నాడు.

అరవై మూడేళ్ళ ఒదీల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఉప్పుటేరు దాటాక, చిత్తడి మధ్యలో రెల్లు దడి కట్టిన ఆ మాటు వాళ్ళ నాన్న వేసింది. పదకొండో ఏట నుంచీ అందులో ఎడమ మూల బల్ల ఆమెదే. మొగుడు పోయిన ఏడు కూడా ఆ బల్ల ఖాళీగా లేదు. ఇప్పుడొచ్చి వంటింట్లో కూర్చోమంటాడా, వీడు!

అలాగని యులిస్ మాట ఉత్తదీ కాదు. ఆమె కుడి భుజానికి మార్చిలో ఆపరేషన్ అయింది. అంతకుముందు సీజనంతా పాత జోడుగొట్టాల తుపాకీ పేల్చినప్పుడల్లా వెనక్కి తన్ని, ఆమెకి ప్రాణం పోయినంత పనయ్యేది. పెదవి కొరుక్కుని ఓర్చుకునేది.

"నీ కళ్ళలో నీళ్ళు చూడలేక చస్తున్నానక్కా," అన్నాడు యులిస్.

"అయితే అటు తిరిగి కూర్చో. అంత తన్నని తుపాకీ కొంటాను. పెట్టెడు తూటాలు, పాతికకి పాతికా, నీ ఎదురుగానే కాలుస్తా. మధ్యలో ఒక్కసారి భుజం తడుముకున్నానా, శనివారం గరిటె పట్టుకుంటా. లేకపోతే మాత్రం నోరు మూసుకుని పడవ నడుపు!"

"సరే. మాట మాటే."

మర్నాడు ఆమె క్లోవిస్ కొట్టుకి వెళ్తే, పిలవని పేరంటంలా యులిస్ కూడా వెంట వచ్చాడు. ముందంతా ఎర రొయ్యల తొట్లు, వలలు. తుపాకులు వెనక గోడకి. క్లోవిస్ ఆమెతో బడిలో చదువుకున్నవాడు. పడవ ఇంజను అమ్మిన ఆరువందల డాలర్లే ఉన్నాయని ఆమె ముందే చెప్పేసింది.

"ఆ ధరలో సెమీ ఆటోమేటిక్‌లు రెండు రకాలున్నాయి," అంటూ క్లోవిస్ బల్ల మీద పెట్టాడు. "ఈ కొత్తది తన్ను బలంతోనే తర్వాతి తూటా ఎక్కించుకుంటుంది. మురికి పట్టదు, తేలిక. ఈ పాతది పేలిన పొగలో కాస్త వాడుకుని ఆ పని చేస్తుంది. మసి పడుతుంది. బరువు కూడా."

యులిస్ కొత్తది ఎత్తి చూశాడు. "పూచికపుల్లలా ఉంది! ఆడవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? కట్టెయ్ క్లోవిస్."

ఆ ఊరి మగాళ్ళందరిదీ ఇదే తెలివి. క్రిస్మస్‌కి పెళ్ళాలకి తేలిక తుపాకులు కొనిస్తారు. వాళ్ళు రెండుసార్లు పేల్చి, బాబోయ్ అని తలుపు వెనక పెట్టేస్తారు. వేట ఆడవాళ్ళ వల్ల కాదని వీళ్ళు తీర్పు చెప్పేస్తారు. యులిస్ భార్య నానెట్ తుపాకీ ఆరేళ్ళుగా ఫ్రిజ్ వెనకే ఉంది.

ఒదీల్ రెండూ చేతిలోకి తీసుకుని చూసింది. చిన్న దోనెని అల ఎగరేస్తుంది. రొయ్యల పడవకి అదే అల తగిలితే చీమ కుట్టినట్టయినా ఉండదు, అనుకుంది.

"తేలికదైతే తన్నంతా నా భుజానికే కదా క్లోవిస్?"

"అవును మరి."

"నడిచి వేటాడేవాళ్ళకి తేలికది కావాలి. మేం బల్ల మీద కూర్చునేవాళ్ళం. బరువైతే నాకేం? ఆ పాతదే ఇవ్వు."

"అక్కా, దాని రంగు చూడు, గజ్జి పట్టినట్టుంది!"

"బాతులు దాని రంగు చూసి సంబంధం కలుపుకుంటాయా ఏంట్రా?"

క్లోవిస్ పగలబడి నవ్వాడు. తుపాకీ వెనక చెక్క ఆమె చేతికి కాస్త పొడుగని అరంగుళం కోసి, మెత్తటి రబ్బరు దిండు బిగించాడు. "వేటాడిన ప్రతిసారీ విప్పి మసి తుడవాలమ్మా. మన మగాళ్ళకి ఆ ఓపికుండదు."

"నలభై ఏళ్ళుగా గంబో గిన్నెలు తోముతున్నా. మసి గురించి నాకా చెప్తున్నావు?"

గురువారం మధ్యాహ్నం క్యాంపు వెనక కట్ట మీద పందెం. యులిస్ బాతులకి వాడే గట్టి తూటాలే తెచ్చాడు. గురి కోసం మట్టి బిళ్ళలు చిత్తడి మీదికి ఒక్కొక్కటే విసరడం మొదలుపెట్టాడు. మొదటిది పేల్చేటప్పుడు ఒదీల్ ఊపిరి బిగపట్టింది. తుపాకీ తన్నింది. కానీ అదేదో మెత్తగా తోసినట్టుంది. అంతే! పదో తూటాకి ఆమె ఈల వేస్తోంది. పదిహేడు, పద్దెనిమిది గురి తప్పాయి. ఎడమ చెయ్యి మాత్రం భుజం దగ్గరికి వెళ్ళలేదు. పాతికోది పేల్చాక ఆమె కళ్ళు నిండిపోయాయి.

"అదిగో! ఏడుస్తున్నావు!" యులిస్ ఎగిరాడు.

"నొప్పికి కాదురా మొండి వెధవా. నా బల్ల నాకు దక్కింది, అందుకు!"

యులిస్ ఒప్పుకోలేదు. అక్క భుజానికి నొప్పి లేదంటే తూటాల్లో మందు సరిగ్గా లేదేమోనన్నాడు. ఊరంతా చూపించుకు తిరిగే తన తేలిక ఇటలీ తుపాకీ తీసి అవే తూటాలు వేసుకుని ఐదు పేల్చాడు. ఐదోదానికి అతని ఎడమ చెయ్యి తనంతట తానే కుడి భుజం మీదికి పోయింది.

ఒదీల్ చూసింది.

"దోమ," అన్నాడు యులిస్.

"ఆ దోమ ఎన్నేళ్ళుగా కుడుతోందిరా?"

అతను కట్ట మీద కూలబడ్డాడు. "మూడేళ్ళు. నువ్వు మానేస్తే నేనూ మెల్లగా మానేద్దామనుకున్నా. అక్క పేలుస్తుంటే తమ్ముడు నొప్పని ఇంట్లో పడుకుంటే ఊళ్ళో తలెత్తుకోగలనా?"

ఒదీల్‌కి ముందు కోపం ముంచుకొచ్చింది. నీ పరువు కోసం నన్ను వంటింట్లో పెడతావా అని వీపు మీద ఒక్కటి వేసింది. ఆ తర్వాత వాడి మొహం చూసి నవ్వాగలేదు. తన తుపాకీలో మూడు తూటాలు వేసి వాడి చేతికిచ్చింది.

యులిస్ మూడూ పేల్చాడు. అడగకుండానే ఇంకో మూడు వేసుకుని అవీ పేల్చాడు. తుపాకీని ఒళ్ళో పెట్టుకుని, ఆమె వైపు చూడకుండా అడిగాడు.

"క్లోవిస్ కొట్టు ఎన్నింటికి కట్టేస్తాడక్కా?"

ఒదీల్ అప్పటికే ట్రక్కు తలుపు తీస్తోంది.