చేతుల్లేని ప్రయాణికులు

మోకాళ్ల మీద కూర్చుని ఆయన లారీ నేలంతా అరచేత్తో తడుముతున్నాడు. రబ్బరు పరుపు కింద ఎక్కడైనా మేకు తల లేచిందేమో చూడాలి. కళ్లు ఏమారినా అరచెయ్యి ఏమారదని ఆయన నమ్మకం. తర్వాత రంపపు పొట్టు మందంగా పరిచాడు. ఎండుగడ్డిని తడిపి వలలో కూరి కట్టాడు. పొడిగా ఉంటే దుమ్మంతా ముక్కులోకి పోతుంది. గుర్రపుశాల కుళాయి నీళ్లే నాలుగు క్యాన్లు ఎక్కించాడు. దారిలో కొత్త నీళ్లు పెడితే వాసన చూసి మూతి తిప్పుకునే గుర్రాలు ఉంటాయి.

ముప్పై ఏళ్లుగా గుర్రాలను లారీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడమే ఆయన పని. మెల్లగా నడుపుతాడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరు నత్త. ఎదురుగా అన్నా నవ్వి ఊరుకునేవాడు. భార్యది ఇంకో దెప్పు. ఆ ఉదయం గుమ్మంలో నిలబడి, "గుర్రాలకి చేసే మర్యాదలో పావు వంతు నాకు చేసుంటే ఈపాటికి మహారాణిని అయ్యుండేదాన్ని," అంది.

"నువ్వు బస్సులో కమ్మీ పట్టుకుంటావు కదే. వాటికి చేతుల్లేవు," అన్నాడాయన చెప్పులు వేసుకుంటూ.

ఆ మాట నవ్వులాటకు అన్నది కాదు. పనిలో చేరిన కొత్తలో ఆయన సడన్‌గా బ్రేకు వేస్తే ఒక గుర్రం మోకాళ్ల మీద పడింది. చర్మం లేచిపోయి ఎముక కనిపించింది. మర్నాడు లారీ ఇంకొకరి చేతికిచ్చి, తాను వెనక గుర్రం నిలబడే చోట చేతులు వీపు వెనక కట్టుకుని ఇరవై మైళ్లు నిలబడ్డాడు. ప్రతి మలుపులోనూ వెళ్లి గోడకు గుద్దుకున్నాడు. దిగేసరికి ముక్కు వాచింది, బుద్ధి వచ్చింది. ఎవరూ చెప్పకుండా, ఎవరి మెప్పుకోసమూ కాకుండా అలా నిలబడ్డ మనిషిని నత్త అంటే అననీ. నాకు మాత్రం ఆయన మీద చెప్పలేనంత గౌరవం.

ఆ రోజు ఎక్కవలసింది ఒక ముసలి ఆడగుర్రం. దాని ఎడమ కన్ను చీముపట్టి మూసుకుపోయింది. మధ్యాహ్నం రెండు గంటలకల్లా పశువుల ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉండకపోతే కన్ను పోయినట్టేనని డాక్టరు చెప్పేశాడు. రెండు రోజుల క్రితం ఆ తోటి డ్రైవర్లలోనే ఒకడు, మీసాల డ్రైవరు, దాన్ని తాడుతో లాగి, వెనక నుంచి అదిలించి ఎక్కించబోయాడు. అది ముందుకాళ్లు ఎత్తి లేచి తలను పైకప్పుకు కొట్టుకుంది. అప్పటి నుంచి లారీ చప్పుడు వింటే చాలు, ఒళ్లంతా వణుకు.

పదేళ్లుగా దాన్ని సాకుతున్న ఆవిడ తాడు అందిస్తూ, "ఎక్కకపోతే ఎలా అన్నా? టైము లేదు," అంది.

"టైము లేదని దానికి తెలియనివ్వకమ్మా."

లారీ వెనక దించిన ఏటవాలు పలక మీద, గుర్రానికి కనిపించే వైపున ఆయన కూర్చున్నాడు. తాడు వదులుగా ఉంది. పిలవలేదు, బుజ్జగించలేదు, దానివైపు చూడనైనా లేదు. పది నిమిషాలు, ఇరవై, నలభై. "వచ్చే వారానికి ఎక్కుతుందిలే," అన్నాడు పక్కనే నిలబడ్డ మీసాల డ్రైవరు. చివరికి గుర్రం మెడ చాచి ఆయన భుజం వాసన చూసింది. ఆయన లేచి, వెనక్కి తిరగకుండా లోపలికి నడిచాడు. వెనకే పలక మీద డెక్కల చప్పుడు వినిపించింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

లోపల తాడును గుర్రం తల దించుకోగలిగేంత పొడవుగా కట్టాడు. పొట్టిగా కడితేనే భద్రమనుకుంటారు చాలామంది. తల ఎత్తి కట్టేస్తే దానికి సరిగ్గా దగ్గడానికి కూడా ఉండదు. దారి దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

పదకొండింటికి బయలుదేరారు. ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. మలుపు కంటపడక ముందే లారీ వేగం తగ్గేది. గంట గడిచాక ఆయన ముఖం నిండా చెమటలు పట్టాయి.

"ఏంటన్నా, అలా ఉన్నావు?"

"భుజం లాగేస్తోంది. కాస్త ఆపుతానమ్మా."

సిగ్నల్ వేశాడు. గేర్లు ఒక్కొక్కటే తగ్గించాడు. లారీ ఎప్పుడు ఆగిందో ఆవిడకే తెలియలేదు. హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను కట్టేసి, తల స్టీరింగ్ మీద వాల్చబోయాడు. అక్కడ హారన్ ఉంది. పక్కకు తిరిగి తల కిటికీకి ఆనించాడు. ఆవిడ రెండుసార్లు పిలిచింది. మూడోసారి భుజం పట్టుకుని కదిపింది. ఆయన అప్పటికే వెళ్లిపోయాడు.

అంబులెన్సుకు ఫోన్ చేసింది, మీసాల డ్రైవరుకు చేసింది. ఆయన భార్యకు ఎలా చెప్పిందో ఆవిడకే గుర్తులేదు. తర్వాత వెనక తలుపు తీసి చూసింది. గుర్రం తల దించుకుని తాపీగా గడ్డి నములుతోంది. ప్రాణం పోతున్నప్పుడు కూడా దాన్ని ఉలిక్కిపడనివ్వలేదు మహానుభావుడు.

అంబులెన్సు ఆయన్ని తీసుకెళ్లింది. ఒంటిగంట కావస్తుండగా మీసాల డ్రైవరు మోటారు సైకిలు మీద వచ్చాడు. సీట్లో కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు.

"నాకీ దారి తెలీదక్కా. మళ్లీ దాన్ని బెదరగొట్టేస్తానేమో," అన్నాడు.

ఎండ కళ్లలో పడుతుంటే అద్దం పైన ఉన్న ఎండ తెర దించాడు. దాని వెనక నుంచి ఒక నోటుపుస్తకం జారి ఒళ్లో పడింది. దాని నిండా దారులే, పెన్సిలు రాతలో. ఆ ఆసుపత్రి దారి రాసిన పేజీ మీద నిన్నటి తేదీ ఉంది. ఆయన నిన్ననే ఖాళీ లారీతో వెళ్లి చూసి వచ్చాడన్నమాట.

"చదువక్కా," అన్నాడతను.

"పాల డిపో దాటాక గుంత, కుడికి తప్పుకోవాలి. రైలు గేటు దగ్గర నడక వేగం. వంతెన అతుకుకి ముందే రెండో గేరు..." ఆవిడ కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. అతను అక్షరం తప్పకుండా నడిపాడు. వెనకవాళ్లు విసుక్కుంటే దారి ఇచ్చాడు.

రెండుకు పది నిమిషాలుండగా గుర్రం ఆసుపత్రి ఆవరణలో దిగింది. కన్ను దక్కిందని సాయంత్రానికి తెలిసింది.

ఖాళీ లారీలో, సీటు మీద ఆ పుస్తకం తెరిచే ఉంది. పోకుండా ఆయన దారంతో కట్టుకున్న పెన్సిలు ముక్క పక్కకు వేలాడుతోంది.